ఐర్లాండ్ జార్జియన్ బంగళాలు: పగలు చూడండి, రాత్రి మాత్రం ఉండకండి

ఏప్రిల్‌లో అత్తయ్యగారు డబ్లిన్ వచ్చారని కారు తీసుకుని ఊళ్ళవైపు వెళ్ళాం. 18వ శతాబ్దపు జార్జియన్ బంగళానే, అంటే జార్జ్ అనే పేరున్న రాజుల కాలం నాటిదాన్నే హోటల్ చేశారు, ఫ్యామిలీ రూమ్ 210 యూరోలు, బ్రేక్‌ఫాస్ట్ మనిషికి 18 వేరే. రాత్రి తొమ్మిదింటికల్లా హీటింగ్ ఆపేశారు. పాత చెక్క కిటికీ సందుల్లోంచి గాలి కొడుతుంటే కర్టెన్ ఊగుతూనే ఉంది, అత్తయ్యగారు స్వెటర్ మీద కోటేసుకుని మంచం మీదే ముడుచుకుని కూర్చున్నారు, మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. రిసెప్షన్‌లో అడిగితే పాత బిల్డింగులు ఇంతే అన్నారు, చివరికి చిన్న హీటర్ ఇచ్చి పొద్దున బిల్లులో దానికి 15 యూరోలు వేశారు! వెజిటేరియన్ అని ముందే చెప్పినా పెట్టింది టోస్టు, సగం టమాటా. ఇది దోపిడీ, ఇంకో మాట లేదు.

క్యాజిల్‌టౌన్ బాగుంది. ఐరిష్ పార్లమెంటు స్పీకర్ విలియం కానలీ కోసం 1722లో మొదలుపెట్టిన ఇల్లు. అందులో తర్వాతి కాలంలో ఆ ఇంటి దొరసాని అయిన లేడీ లూయిజా అచ్చు బొమ్మలు కత్తిరించి గోడలకి అంటించిన ప్రింట్ రూమ్ తప్పకుండా చూడండి.

కానీ ఒక్కటే చూసే టైముంటే రాస్‌కామన్ కౌంటీలోని స్ట్రోక్స్‌టౌన్ పార్క్ అనే బంగళాకే వెళ్ళండి. వంటింటి పైన చుట్టూ గ్యాలరీ ఉంది, ఇంటి దొరసాని కిందికి దిగకుండా అక్కడి నుంచే వారానికి సరిపడా మెనూ కాగితం వంటమనిషికి పడేసేదట. అత్తయ్యగారు ఆ రెయిలింగ్ కింద చాలాసేపు నిలబడి, "దిగొచ్చి చెప్తే ఏం పోయేదిరా ఆవిడకి" అన్నారు. పనివాళ్ళు కంటపడకూడదని సొరంగం కూడా కట్టారు.

గుర్రాల సాల ఉన్న చోటే ఇప్పుడు కరువు మ్యూజియం. బంగాళాదుంప పంట పోయి జనం అల్లాడుతుంటే 1847లో ఈ ఇంటి యజమాని మేజర్ డెనిస్ మాన్ తన కౌలుదార్లలో 1,490 మందిని కెనడాకి పంపించేశాడు, డబ్లిన్ దాకా కాలినడకే, ఆ తర్వాత ఓడ ప్రయాణంలో చాలామంది పోయారు. అదే ఏడాది నవంబర్‌లో అతన్ని కాల్చి చంపారు. ఆ కౌలుదార్లు రాసుకున్న అర్జీలు ఈ ఇంట్లోనే దొరికాయి, వాటి మీదే మ్యూజియం నిలబడింది. మిగతా బంగళాల్లో షాండ్లియర్లు చూపించి పంపేస్తారు, ఆ షాండ్లియర్లకి డబ్బు కట్టినవాళ్ళెవరో ఇక్కడ తెలుస్తుంది.

ఆ రాత్రి దగ్గర్లోని ఊళ్ళో మామూలు బీ అండ్ బీలో (ఇంట్లోనే గది, బ్రేక్‌ఫాస్ట్ ఇచ్చే చోటు) దిగాం, 95 యూరోలు, రేడియేటర్ రాత్రంతా వేడిగానే ఉంది, పొద్దున్నే అడగకుండానే అత్తయ్యగారికి వేడి పాలతో పారిడ్జ్ చేసిపెట్టారు. బ్రేక్‌ఫాస్ట్ అందులోనే.