అక్షింతల పురుగులని కొంటే వచ్చినవి వేరే

యూకేలో పెరటి తోట పెట్టుకున్న మనవాళ్లకి చెబుతున్నాను. పేనుబంక పట్టిందని ఆన్‌లైన్‌లో లేడీబర్డ్ (మన అక్షింతల పురుగు) లార్వాలు, అంటే దాని పిల్ల పురుగులు, ఆర్డర్ పెట్టేముందు ఏ జాతి పంపుతున్నారో అడగండి. నేను అడగలేదు. 18 పౌండ్లు పెట్టి కొన్నవి నా పెరట్లో ఊరికే ఉన్న మంచి పురుగుల్ని తినేశాయి.

మే నెలలో బ్రాడ్ బీన్స్ కొసలన్నీ నల్ల పేనుబంకతో నిండిపోయాయి. పిల్లలు పచ్చికాయలే కోసుకు తింటారు కాబట్టి మందు కొట్టబుద్ధి కాలేదు. 'లైవ్ లేడీబర్డ్ లార్వా, 50' అని ఒకచోట కనబడితే కొనేశాను. పత్తి చేలో అక్షింతల పురుగు కనబడితే మా నాన్న "చంపకండిరా, అవి మనకి కూలి అడగని కూలీలు" అనేవారు. పేరు ఒకటే కదా, పురుగూ ఒకటే అనుకున్నాను.

మొదటి వారం సంబరమే. పేనుబంక సగానికి సగం పోయింది. ఆ తర్వాత ఒక పొద్దున ఆకు తిప్పి చూస్తే, నల్లగా ముళ్లుముళ్లుగా, పక్కలకి నారింజ పట్టీ ఉన్న పెద్ద లార్వా ఒకటి, దానిలో సగం కూడా లేని బూడిదరంగు లార్వాని వెనకవైపు నుంచి నములుతోంది. చిన్నదాని ముందు కాళ్లు ఇంకా కదులుతున్నాయి. ముందు రోజు పసుపు గుడ్ల గుంపు చూసిన చోట మరకలు మిగిలాయి.

యూకే లేడీబర్డ్ సర్వే వాళ్ల బొమ్మలతో పోల్చి చూస్తే ఆ పెద్దది హార్లెక్విన్ అనే జాతి లేడీబర్డ్, చిన్నది ఇక్కడి రెండు చుక్కల జాతిది. హార్లెక్విన్ సొంతూరు చైనా, జపాన్, సైబీరియా వైపు. పేనుబంకని బాగా తింటుందని 1990ల్లో బెల్జియం, నెదర్లాండ్స్‌లో దీన్ని డబ్బాల్లో పెట్టి అమ్మారు. అలా వదిలినవి పెరిగి 2004కల్లా ఇంగ్లండ్‌లో తేలాయి. అంటే నాలాంటి కొనుగోలుదారుల చలవే. పేనుబంక తగ్గగానే ఇది తోటి జాతుల గుడ్ల మీద, లార్వాల మీద పడుతుంది. ఒంట్లో వాటిలో చాలా జాతులకంటే పెద్దది, ముళ్లు కూడా ఉంటాయి, ఎదురుదాడికి లొంగదు. ఇది వచ్చిన ఐదేళ్లలో బ్రిటన్‌లో రెండు చుక్కలవి 44 శాతం, బెల్జియంలో 30 శాతం తగ్గాయని 2012లో లెక్క తేలింది.

అమ్మినతన్ని అడిగితే "అన్నీ లేడీబర్డ్సే, పేనుబంక పోయిందిగా" అన్నాడు. డబ్బు వెనక్కి రాలేదు, అది వదిలేశా. అక్టోబర్‌లో మాత్రం అవే కిటికీ ఫ్రేముల్లోకి గుంపులుగా చేరాయి. తుడవబోతే పసుపు రసం కక్కుతాయి, కంపు, కర్టెన్ మీద మరక.

కొనక తప్పదంటే, ప్యాకెట్ మీద 'అడాలియా బైపంక్టాటా' అని ఉండాలి. అది రెండు చుక్కలది, ఇక్కడిదే. 'హార్మోనియా ఆక్సిరిడిస్' (హార్లెక్విన్ అసలు పేరు) అని ఉన్నా, అసలు పేరే లేకపోయినా కొనకండి. డబ్బా వచ్చాక కూడా తొందరపడి ఆకుల మీద దులపకండి, నేను చేసిన అసలు తప్పు అదే. ముళ్లు, నారింజ పట్టీ ఉంటే మూత పెట్టేయండి.

అలాగని చుక్కలున్న ప్రతి పురుగునీ నలపకండి. హార్లెక్విన్ నారింజ మీద నల్ల చుక్కలతోనూ, నలుపు మీద ఎర్ర చుక్కలతోనూ ఉంటుంది. రెండు చుక్కల దానిలోనూ నల్లవి ఉన్నాయి. సైజు కాస్త పనికొస్తుంది: రెండు చుక్కలది 4-5 మిల్లీమీటర్లు, హార్లెక్విన్ 8 దాకా. కాళ్లు కూడా చూడండి, రెండు చుక్కల దానివి నలుపు, హార్లెక్విన్‌వి ఎక్కువగా గోధుమరంగు.

ఈ ఏడాది నేనేమీ కొనలేదు. బీన్స్ కొసలు తుంచేసి, పైపుతో నీళ్లు గట్టిగా కొడుతున్నా. ముట్టుకుంటే మండే నెటిల్ మొక్కల్ని కంచె మూల పీకకుండా వదిలేశా, వాటి పేనుబంక కోసం ఇక్కడి జాతులు ముందే వస్తాయి. ఏడు చుక్కలవి చాలానే చేరాయి. రెండు చుక్కలది ఇప్పటిదాకా ఒక్కటే కనబడింది.