అటక ఖాళీ చేసిన ఇంటికి అద్దె సామాను: నెల్లూరులో ఒక సప్లయర్స్ కొట్టు పనితీరు

నెల్లూరు పాత ఊరిలో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే సప్లయర్స్ కొట్లకు కొదవ లేదు. పెళ్ళికో, గృహప్రవేశానికో వాటి గడప తొక్కని కుటుంబం ఇక్కడ అరుదు. అయితే ఇంట్లో సామాను తగ్గించుకుని, ఏడాదిలో రెండు మూడు సందర్భాల్లో తప్ప చేతికి తగలని వస్తువులన్నిటినీ వదిలించుకుని, అవసరం వచ్చిన రోజున అద్దెకు తెచ్చుకుందామనుకునే కుటుంబానికి ఇలాంటి కొట్టు ఎంతవరకు ఆసరా అవుతుందన్నది వేరే ప్రశ్న. కొన్నేళ్ళుగా మేము పాత ఊరిలోని ఒక కొట్టు మీద ఆధారపడి ఆ విధంగానే ఇల్లు నడుపుతున్నాం కాబట్టి, దాని మంచిచెడ్డలను ఆ దృష్టితోనే ఇక్కడ వివరిస్తున్నాను. పాత్రల విషయంలో ఈ కొట్టును నిశ్చింతగా నమ్మవచ్చు. పరుపులు, దిండ్ల విషయంలో ఇంకా నమ్మలేం.

తక్కువ వస్తువులతో బతకడం గురించి ఈమధ్య వినిపించే సలహాల్లో ఎక్కువ భాగం బట్టల బీరువా చుట్టూ, ఆన్‌లైన్ కొనుగోళ్ళ చుట్టూ తిరుగుతాయి. మన ఇళ్ళ సంగతి వేరు. మన అటకలను నింపినవి మోజుపడి కొన్నవి కావు. పెళ్ళిలో సారెగా వచ్చిన గంగాళాలు, కాగులు, బిందెలు. ఎవరి ఇంటి శుభకార్యానికో వెళ్ళినప్పుడు చేతిలో పెట్టిన, పేరూ తేదీ కొట్టించిన స్టీలు గిన్నెలు. మడత విప్పకుండానే ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తిరిగే రవిక గుడ్డలు. చుట్టాలొస్తే పరచడానికని గోనెసంచుల్లో కట్టి పెట్టిన బొంతలు. ఇవన్నీ ఇంట్లోవాళ్ళు తమకోసం దాచుకున్నవి కావు, వచ్చేవాళ్ళకోసం దాచినవి. వాటిలో ఏ ఒక్కదాన్ని కిందికి దించినా "రేపు నలుగురొస్తే?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. దానికి నమ్మదగిన జవాబు చూపించనిదే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే.

మా అత్తగారికి ఆ జవాబు చెప్పింది ఈ కొట్టు యజమానే. మొదటిసారి సామాను మాట్లాడుకోవడానికి ఆవిడ కూడా నాతో వచ్చారు. వరసగా బోర్లించి ఉన్న డేక్సాలను ఒక్కొక్కటిగా వేలి కణుపుతో తట్టి, మోత విని, అడుగు తడిమి చూశారు. ఆ తరవాత, "పండక్కి బిడ్డలంతా ఒక్కసారే వస్తే రాత్రికి రాత్రి ఇయ్యన్నీ యాడ దొరకతాయబ్బయ్యా?" అని అడిగారు. ఆయన గల్లాపెట్టె ముందు నుంచి లేచి వచ్చి, "ఫోను చెయ్యండమ్మా, పది కంచాలైనా పంపిస్తా. మా పిల్లోడు ఆటోలో తెచ్చి మీ వంటింట్లో పెట్టి పోతాడు" అన్నారు. మాకు ఆ పది కంచాల మాటే అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. చిన్న బేరమంటే ఆటో కదిలించని కొట్లే ఎక్కువ. సామాను తగ్గించుకున్న ఇంటికి వందమందికి సరిపడే సరంజామా తరచుగా అవసరపడదు. చెప్పాపెట్టకుండా ఎనిమిదిమంది దిగినప్పుడు తక్కువ పడే నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, ఒక పెద్ద గిన్నె వేళకు అందడమే దానికి ముఖ్యం. ఆ మాటను ఆయన ఇప్పటివరకు తప్పలేదు. చిన్న బేరాలకు ఆటో కిరాయి విడిగా తీసుకుంటారు, అది సమంజసమే.

ఆ భరోసా దొరికిన తరవాత అటక దించడం పెద్ద పని కాలేదు. ఆబ్దికాలకు వాడే ఇత్తడి గిన్నెలు, దీపపు సెమ్మెలు, అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంచు మరచెంబు ఉంచుకున్నాం. మిగిలినవి అమ్మాం. ఈ పని తలపెట్టినవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. కంచులో రాగితో పాటు తగరం ఉంటుంది. శుద్ధమైన రాగి ధర ఈ రెండింటి ధరా కాదు. పాత సామాన్లు కొనేవాళ్ళు మూడింటినీ ఒకే కుప్పగా పోసి తూచబోతే ఒప్పుకోకండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏటా పడాలి కాబట్టి దాన్ని చూపించమనడానికి మొహమాటపడనక్కర్లేదు. మా ఇంటి పెద్ద గంగాళం వీశెల లెక్కన తూచి కొన్ననాటిది. వీశె అంటే 120 తులాలు, అంటే దాదాపు ఒక కిలో నాలుగు వందల గ్రాములు. ఆ గంగాళాన్ని, రెండు కాగులను ఈ సప్లయర్స్ యజమాని తూకం ధర మీద మరికొంత వేసి తానే కొనుక్కున్నారు. వాటిని కరిగించరని, పది ఇళ్ళ వంటలకు పనికొస్తాయని తెలిశాక అత్తగారు ఒక్క మాటా అనలేదు.

ఇక పాత్రల సంగతి. ఈ కొట్టులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఏమిటంటే, మాంసం, చేపలు వండే పాత్రల పిడికి ఎర్ర రంగు పట్టీ, శాకాహారానికి మాత్రమే వాడేవాటికి పచ్చ రంగు పట్టీ వేసి, రెండింటినీ వేరువేరు గదుల్లో పెడతారు. గరిటెలకూ, చిల్లుల గరిటెలకూ, నీళ్ళు ముంచే మగ్గులకూ అదే నియమం. పచ్చపట్టీ గదిలో ఎర్రపట్టీ గరిటె కలిసి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆచారం పాటించే ఇళ్ళవాళ్ళు అద్దె పాత్రలంటే జంకడానికి మొదటి కారణం ఈ కలగలుపే. ఆ భయం తీరకపోతే వాళ్ళు సొంత పాత్రలను వదులుకునే ప్రసక్తే ఉండదు.

రెండో విషయం లోహం. అన్నానికీ, పప్పుకూ అల్యూమినియం డేక్సాలు ఇస్తారు కాని, పులుపు పడే వంటలకు అడగకుండానే స్టీలు పాత్ర ఇస్తారు. నెల్లూరు చేపల పులుసులో చింతపండుతో పాటు మామిడికాయ కూడా పడుతుంది. అంత పులుపును అల్యూమినియంలో మరిగించి, మరునాటిదాకా అందులోనే ఉంచితే పాత్ర అడుగు గుంటలు పడుతుంది, పులుసు రుచీ మారుతుంది. పులుసు మరునాడే బాగుంటుందనే ఊళ్ళో ఈ జాగ్రత్త తప్పనిసరి. ఇత్తడి పాత్రలు కావాలంటే కళాయి ఉన్నవే తీసుకోవాలి, లోపలంతా తెల్లగా మెరుస్తోందో లేదో పగటి వెలుతురులో చూసుకోవాలి. కళాయి అంటే తగరం పూత. తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది కాబట్టి ఖాళీ ఇత్తడి పాత్రను పెద్ద మంట మీద వదిలేస్తే పూత పోయి, తరవాత వండిన పులుపు వంటకు చిలుము పడుతుంది. ఈ సంగతిని కొట్టు కుర్రవాడు వంటమాస్టరుకు చెప్పి మరీ పాత్ర అప్పగించడం నేను చూశాను.

పెద్ద పొయ్యి అడిగితే దానితో పాటు 19 కిలోల వాణిజ్య సిలిండరునే పంపుతారు తప్ప 14.2 కిలోల ఇంటి సిలిండరును తగిలించరు. గ్యాసు గొట్టం పగుళ్ళు లేకుండా ఉందో లేదో మనమే చూసుకోవడం మంచిది.

సామాను వెనక్కి ఇచ్చేటప్పుడు లెక్క కచ్చితంగా ఉంటుంది. ఇచ్చిన రోజే చీటీ రెండు ప్రతులు రాసి, ఒకటి మనకిస్తారు. పాత సొట్టలను కూడా అందులో నమోదు చేస్తారు కాబట్టి తిరిగి ఇచ్చేటప్పుడు వాదన రాదు. గ్లాసులు, చెంచాలు పోవడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. పోయినదానికి కొత్తదాని ధర కాకుండా, పాత ధర మాత్రమే పట్టుకుంటారు. అడ్వాన్సులో మిగిలిన డబ్బు మాత్రం వెంటనే చేతికి రాదు. "రేపు రండి" అన్న మాట ఒకటికి రెండుసార్లు వినవలసి వస్తుంది. ఇంత పద్ధతిగా నడిచే కొట్టుకు ఇది తగదు.

పరుపుల దగ్గర నా అసంతృప్తి ఇంకా ఎక్కువ. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగేటప్పుడు, కోరిక ఉన్నవాళ్ళు రొట్టెలు పట్టుకోవడానికి, అది తీరినవాళ్ళు రొట్టెలు పంచడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ రోజుల్లో నెల్లూరులో చుట్టాలు లేని ఇల్లు తక్కువ. మేమూ పరుపులు, దిండ్లు తెప్పించాం. పరుపుల్లో దూది ఉండలు కట్టింది, ఎండ తగలక ముక్కిపోయిన వాసన వేసింది. దిండు గలీబుల మీద నూనె మరకలు ఉతికినా పోని స్థితిలో ఉన్నాయి. వచ్చినవాళ్ళకు అవి ఇవ్వడానికి మనసు రాలేదు. అడిగితే మార్చి పంపారు గాని, మార్చి పంపినవి కూడా గొప్పగా లేవు. అప్పటి నుంచి పరుపులను మాత్రమే అద్దెకు తెచ్చుకుని, దుప్పట్లు, గలీబులు, పలచటి బొంతలు సొంతానివి ఉంచుకుంటున్నాం. ఈ మార్గంలో బీరువా ఒక అర నిండినా, అటక మాత్రం ఖాళీగానే ఉంటుంది. పరుపు ఒక్కదానికి రోజుకు 40 రూపాయలు తీసుకుంటున్నారు. ఆ డబ్బుకు ఎండలో ఆరేసిన పరుపు ఆశించడం అత్యాశ కాదు.

ఖర్చు గురించి చాలామంది అడుగుతారు. అద్దె డబ్బు పోయేదే కదా, సొంత పాత్రలుంటే ఖర్చు ఉండదు కదా అని వారి వాదన. సొంత పాత్రలకూ ఖర్చు ఉంది. కళాయి పోయించాలి, పండగకు ముందు చింతపండు పెట్టి తోమించాలి, తోమినవాళ్ళకు కూలి ఇవ్వాలి, వాటిని దించి ఎక్కించడానికి ఇద్దరు మగవాళ్ళు కావాలి. అన్నిటికన్నా ఆ అటక కింద నివసించే మనుషుల శ్రమ ఒకటుంది, అది ఎక్కువగా ఆడవాళ్ళదే అయినందువల్ల ఎవరి లెక్కలోకీ రాదు. మా ఇంట్లో దసరాకు ముందు వారం రోజుల పాటు నడుము విరిగేలా సాగిన పాత్రల తోముడు ఇప్పుడు లేదు. అద్దె డబ్బు కంటే ఆ వారమే నాకు పెద్ద లాభంగా కనిపిస్తుంది.

"ఉన్నవాళ్ళై ఉండి కంచాలు అద్దెకు తెచ్చారు" అని బంధువుల్లో ఒకరిద్దరు అన్న మాట మా చెవిన పడింది. అలాంటి మాటకు వెనక్కి తగ్గవలసిన పని లేదు. నెల్లూరుకు దగ్గరలోనే, పెన్న ఒడ్డున, పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి దాన్ని ప్రారంభించారు. అవసరానికి మించినదాన్ని దగ్గర ఉంచుకోకపోవడం, అంటే అపరిగ్రహం, ఆయన తన ఆశ్రమవాసులకు పెట్టిన వ్రతాల్లో ఒకటి. వస్తువులు తక్కువగా ఉంచుకోవడం పరదేశపు పోకడ అనుకునేవారు ఒకసారి పల్లిపాడు వెళ్ళి రావాలని నా కోరిక. ఆశ్రమ జీవితం గృహస్థులకు సాధ్యం కాకపోవచ్చు. అయితే ఒకే గంగాళం పది ఇళ్ళకు ఉపయోగపడటంలో లోభమేమీ లేదు, ఊళ్ళో పదిమందీ ఒకరి మీద ఒకరు ఆధారపడి బతకడమే ఉంది. నేను ఈ కొట్టును ఇంత ఆసక్తిగా గమనించడానికి కారణం కూడా అదే.

ఇరుగుపొరుగు విషయంలో ఒక ఇబ్బంది మాత్రం నిజమే. పెద్ద గిన్నె కావాలనో, పచ్చళ్ళ జాడీ కావాలనో పక్కింటివాళ్ళు వచ్చినప్పుడు ఇదివరకటిలా తీసి ఇవ్వలేకపోతున్నాం. వాళ్ళకు ఈ కొట్టు ఫోను నంబరు ఇస్తున్నాం, కొందరికి అది నచ్చడం లేదు.

కొట్టువారిని నేను కోరేవి మూడు. అద్దెల పట్టీ గోడకు అంటించాలి, ఎందుకంటే ఇప్పుడు ధర అడిగితే తప్ప తెలియదు, ముహూర్తాల రోజుల్లో అది కాస్త పెరుగుతుందని కూడా ముందుగా చెప్పరు. దిండు గలీబులను ప్రతి బేరం తరవాతా ఉతికించి ఇస్త్రీ చేయించాలి. అడ్వాన్సు మిగులును సామాను అప్పగించిన రోజే ఇచ్చేయాలి. వీటిలో ఏదీ పెద్ద పెట్టుబడి అడిగేది కాదు.

ఇక్కడి నుంచి తెప్పించుకోదలచినవారు పంచాంగం ఒకసారి చూసుకోవడం మంచిది. మాఘం, వైశాఖం, శ్రావణం వంటి పెళ్ళిళ్ళ నెలల్లో మంచి స్టీలు పాత్రలన్నీ పెద్ద బేరాలకు వెళ్ళిపోతాయి. ఆ రోజుల్లో కనీసం పది రోజుల ముందే చీటీ రాయించుకుని, ఏ పట్టీ పాత్రలు కావాలో అందులో స్పష్టంగా రాయించాలి. ఆషాఢంలో, మూఢం రోజుల్లో ఉదయం ఫోను చేస్తే సాయంత్రానికి సామాను ఇంటికి చేరుతోంది.