లీడ్స్ యునైటెడ్ 2023-24: 27 గెలుపులు చూశాను, అయినా నిద్ర లేదు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లీడ్స్, పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన ఏడాది 38 మ్యాచ్‌ల్లో గెలిచినవి 7. ఆ తర్వాత దాని కింది డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో 46 మ్యాచ్‌లకు 27 గెలిచింది. అంకెలు చూస్తే రెండో ఏడాదే హాయిగా గడిచి ఉంటుందనిపిస్తుంది. దాదాపు అన్ని మ్యాచ్‌లూ చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, వరసగా ఓడిపోతున్నప్పుడు కూడా నేను ఇంత టెన్షన్ పడలేదు.

పై డివిజన్‌లో పెద్ద జట్టు చేతిలో ఓడితే సరేలే అనుకుని పడుకోవచ్చు. కిందికొచ్చాక ప్రతి మ్యాచ్ మనమే గెలవాలి, డ్రా అయినా ఓడినట్టే. 24 జట్లలో నేరుగా పైకెళ్లేవి రెండే. ఆ ఏడాది 3 నుంచి 6 స్థానాల వాళ్లు మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్‌లో కొట్టుకోవాలి. మొదటి మ్యాచ్‌లోనే సొంత మైదానంలో కార్డిఫ్ మీద 0-2 వెనకబడ్డారు. ఇంజురీ టైమ్‌లో మా ఫార్వర్డ్ సమర్‌విల్ గోల్‌తో 2-2 అయింది. గట్టెక్కామన్న సంతోషం కంటే రెండు పాయింట్లు పోయాయన్న బాధే ఎక్కువ.

అసలు జట్టును గుర్తుపట్టడానికే టైమ్ పట్టింది. కింది డివిజన్‌కి పడితే లోన్ మీద (కొంతకాలం వేరే జట్టుకి) వెళ్లిపోవచ్చన్న షరతు కొందరి కాంట్రాక్టుల్లో ఉంది. ఆరన్సన్ యూనియన్ బెర్లిన్‌కి, హారిసన్ ఎవర్టన్‌కి వెళ్లిపోయారు. కొత్త మేనేజర్ ఫార్కే అంతకుముందు నార్విచ్‌ని రెండుసార్లు ఇదే డివిజన్ నుంచి పైకి తీసుకెళ్లినవాడు కదా అన్నదే ధైర్యం. ఆ ఖాళీల్లోంచే 17 ఏళ్ల ఆర్చీ గ్రే బయటికొచ్చాడు. మిడ్‌ఫీల్డర్‌ని రైట్ బ్యాక్‌లో పెడితే ముప్పై ఏళ్లవాడిలా ఆడాడు.

ఏడాదంతటికీ ఒక్క రాత్రి చాలంటే ఫిబ్రవరి 23. లెస్టర్‌తో మ్యాచ్, మన టైమ్‌లో అర్ధరాత్రి దాటాక 1:30కి. 80వ నిమిషం దాకా 0-1. అక్కణ్ణుంచి మూడు గోల్స్, 3-1. ఇంట్లోవాళ్లు లేస్తారని దిండు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను. (స్ట్రీమింగ్ పాస్ కొనేవాళ్లకు ఒక మాట: ఫోన్‌లో స్కోర్ నోటిఫికేషన్లు ఆపేయండి. నా స్క్రీన్ మీద బంతి ఇంకా మధ్యలోనే ఉండగా ఫోన్ గోల్ అని మోగేది.)

ఏప్రిల్ గురించి రాయబుద్ధి కావడం లేదు. చివరి ఆరు మ్యాచ్‌ల్లో 18 పాయింట్లకు వచ్చినవి 4. అప్పటిదాకా లీగ్‌లో సొంత మైదానంలో ఓటమే లేని జట్టు బ్లాక్‌బర్న్ చేతిలో 0-1, ఆ తర్వాత క్యూపీఆర్ (క్వీన్స్ పార్క్ రేంజర్స్) దగ్గర 0-4. మొత్తం 90 పాయింట్లు, మూడో స్థానం. రెండో స్థానంలో ఉన్న ఇప్స్‌విచ్‌కి 96. అంతకుముందు ఏడాది మూడో డివిజన్‌లో ఆడిన జట్టది!

ప్లేఆఫ్ సెమీస్‌లో నార్విచ్‌ని 4-0తో చితక్కొట్టి ఆశ పెట్టారు. మే 26న వెంబ్లీలో సౌతాంప్టన్‌తో ఫైనల్. అదే సాయంత్రం, అదే 7:30కి సన్‌రైజర్స్ ఐపీఎల్ ఫైనల్. ఇంట్లో అందరూ టీవీ ముందు, నేను లాప్‌టాప్‌తో మూల గదిలో. 24వ నిమిషంలో సౌతాంప్టన్ ఆటగాడు ఆర్మ్‌స్ట్రాంగ్ గోల్ కొట్టాడు. హాల్లోంచి కూడా అయ్యో అన్న మాటే వినపడుతోంది. చివర్లో మా డానియల్ జేమ్స్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి వెనక్కొచ్చినప్పుడు నేను కుర్చీలోంచి సగం లేచి ఉన్నాను. అలాగే కూర్చుండిపోయాను. 0-1. అక్కడ సన్‌రైజర్స్ 113కి ఆలౌట్. రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

నేనైతే ఈ సీజన్‌కి ఐదుకి మూడున్నర ఇస్తాను. నాలుగు ఇవ్వాల్సింది, ఆ అర మార్కు ఫైనల్‌కి కాదు, ఆ వేసవికి కోశాను. ప్రీమియర్ లీగ్ డబ్బు మరో ఏడాది రాదని తేలాక గ్రే టోటెన్‌హామ్‌కి, సమర్‌విల్ వెస్ట్ హామ్‌కి, మరో ఫార్వర్డ్ రుటర్ బ్రైటన్‌కి వెళ్లిపోయారు. 2025లో 100 పాయింట్లతో లీడ్స్ పైకెళ్లినప్పుడు ఆ ముగ్గురిలో ఒక్కరూ జట్టులో లేరు.