గడ్డి బల్ల, అలబాస్టర్ దీపం: తొమ్మిదేళ్లు వాడాక

"గడ్డికి అంత డబ్బు పోశారా నాన్నా?" అని అమ్మ యానాం నుంచి ఫోన్‌లో అడిగింది. 2015లో మేం ఆ చిన్న బల్ల కొన్నప్పటి మాట ఇది. నిజమే, నా నెల జీతంలో పెద్ద భాగం దానికే పోయింది. పారిస్ శివారులోని మా రెండు గదుల ఫ్లాట్‌కి ఆ ఏడాదే ఇంకో రెండు వస్తువులు తెచ్చుకున్నాం. ఒకటి గోడకు బిగించే దీపం, వెలుతురు దాటే అలబాస్టర్ రాయితో చేసింది. రెండోది పార్చ్‌మెంట్ (ఆరబెట్టిన జంతువు తోలు) తొడిగిన టేబుల్ ల్యాంప్. మూడూ కొత్తగా చేసినవే కానీ పద్ధతి మాత్రం 1920ల నాటి ఫ్రెంచ్ డిజైనర్లది.

ఆ పద్ధతికి ముఖ్యుడు జాన్ మిషెల్ ఫ్రాంక్ (1895–1941). ఆయన బల్ల అంటే నాలుగు కాళ్లు, ఒక పలక. చెక్కుడు పని ఉండదు, పువ్వులూ లతలూ ఉండవు. ఆ పలక మీద మాత్రం గడ్డి, పార్చ్‌మెంట్, స్టింగ్‌రే చేప తోలు లాంటివి అతికించేవాడు. పారిస్‌లో కళాపోషకులైన నొయాయ్ దంపతుల హాలు గోడలన్నిటికీ చదరాలుగా కోసిన పార్చ్‌మెంటే పరిచాడు. ఆకారం అంత సాదాగా ఉంటే కన్ను నేరుగా పదార్థం మీదికే పోతుంది. అందులో చిన్న లోపం ఉన్నా దాచడానికి చోటుండదు. ఈ సంగతి నాకు వాడుతున్నకొద్దీ అర్థమైంది.

ముందు బల్ల గురించి. అది రై గడ్డి, అంటే గోధుమ లాంటి ఒక ధాన్యపు పంట గడ్డి. ఒక్కో కాడను నిలువునా చీల్చి, లోపలి వైపు రుద్ది చదును చేసి, చెక్క మీద పక్కపక్కనే జిగురుతో అతికిస్తారు. అంతా చేతిపనే. ఫ్రాన్స్‌లో దాదాపు మరుగున పడిన ఈ పనిని మళ్లీ నిలబెట్టినవాళ్లలో లిజోన్ ద కోన్ పేరు ముందు చెప్పుకోవాలి. పైన వార్నిష్ వేయరు, ఎందుకంటే గడ్డికి సహజంగానే మెరుపు ఉంటుంది. ఉదయం కిటికీ వైపు నుంచి చూస్తే బల్ల బంగారు రంగు, అటు తిరిగి చూస్తే అదే పలక ముదురు గోధుమ రంగు. ఇన్నేళ్లయినా వంటగదిలోంచి హాల్లోకి వచ్చేటప్పుడు ఒకసారి దానివైపు చూడకుండా ఉండలేను.

మూడింటిలోకీ ముందు ఇదే పాడవుతుందనుకున్నాను. ఇదే గట్టిగా నిలబడింది. టీ ఒలికితే వెంటనే పొడిగుడ్డతో తుడిచాం, మరక పడలేదు. పిల్లలు దాని మీదే హోంవర్క్ చేశారు. ఒకసారి వాక్యూమ్ క్లీనర్ తగిలి అంచున నాలుగైదు కాడలు లేచాయి. చేసినాయన అంతమేరకే తీసి కొత్త కాడలు అతికించాడు, ఇప్పుడు ఎక్కడ వెతికినా కనపడదు. ఎండ పడే వైపు మాత్రం రంగు కొంచెం వెలిసింది.

అలబాస్టర్ దీపం మీద నాకు ప్రేమా ఉంది, బాధా ఉంది. ఇనప పట్టీకి పల్చటి రాతి పలకలు బిగించి ఉంటాయి, అంతే. ఫ్రెంచ్ డిజైనర్ పియేర్ షారో 1923లో చేసిన 'రెలిజియూజ్' దీపం నుంచి వచ్చిన దారి ఇది. దాని రాతి పలకలు క్రైస్తవ సన్యాసిని తలముసుగులా ఉంటాయని ఆ పేరు. స్విచ్ వేస్తే వెలుగు రాయి లోపల్నుంచి ఊరుతున్నట్టు వస్తుంది, చారలన్నీ తేనె రంగులో తేలతాయి. దీపం కింద కూర్చున్నవాళ్ల ముఖాలు కూడా మెత్తగా కనిపిస్తాయి.

అమ్మిన షాపువాళ్లు ఏ బల్బయినా పర్వాలేదన్నారు. హాలోజెన్ వేశాం. మొదటి చలికాలం గడిచేసరికి బల్బుకి దగ్గరగా రాయి సున్నంలా తెల్లబడి, అక్కడ వెలుతురు దాటడం మానేసింది. కారణం తర్వాత తెలిసింది. ఈ అలబాస్టర్ అంటే జిప్సం అనే ఖనిజమే. మనం విరిగిన చేతికి కట్టు వేసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఆ జిప్సాన్ని కాల్చి చేసేదే, ఒకప్పుడు పారిస్‌లోని మోమార్త్ర్ కొండ కింద ఆ జిప్సాన్ని తవ్వి తీసేవాళ్లు. వేడికి ఖనిజంలోని నీరు పోయి రాయి వెలుతురు దాటనివ్వకుండా తెల్లబడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. ఎల్ఈడీకి మారాక కొత్తగా ఏమీ కాలేదు. ఇంకో జాగ్రత్త: తడిగుడ్డ వాడొద్దు. జిప్సం లీటరు నీటిలో సుమారు 2 గ్రాములు కరుగుతుంది, నేను రెండేళ్లు తుడిచిన అంచు నునుపు పోయింది. గోరుతో కూడా గీత పడేంత మెత్తటి రాయి. మెత్తటి పొడి బ్రష్ చాలు.

పార్చ్‌మెంట్ ల్యాంప్ మాత్రం మా ఇంటికి కుదరలేదు. సున్నపు నీళ్లలో నానబెట్టి, బిగించి ఆరబెట్టిన మేక తోలు అది. గాలిలో తేమను బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. శీతాకాలంలో రేడియేటర్ వేయగానే అతుకు విచ్చుకుంది. బాగుచేయిస్తే మరుసటి శీతాకాలం మళ్లీ అదే చోట. చివరికి హీటర్‌కి దూరంగా పడగ్గదిలో పెట్టాం. హీటింగ్ గట్టిగా వేసుకునే చిన్న ఫ్లాట్లలో దీన్ని కొనమని ఎవరికీ చెప్పను. ఒక్కటే కొనగలిగితే గడ్డి బల్ల కొనండి. రెండయితే దీపం కూడా, ఎల్ఈడీతో.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. బల్ల పక్కన కూర్చుని కాడల వెంట వేలితో మెల్లగా తడిమింది. డబ్బు మాట ఎత్తలేదు. "ఇది ఏ పంట గడ్డిరా?" అంది. రై అని చెప్పాను. "గింజ తింటారా మరి?" అని అడిగింది. మర్నాడు పొద్దున్నే సందు చివర బేకరీ నుంచి రై రొట్టె తెచ్చి ఆ బల్ల మీదే పెట్టాను.