సిలిండర్ దించి చూసే ఫైర్ చెకింగ్: ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ అనుభవం

ఫైర్ సిలిండర్ల సర్వీసింగ్‌కి, పనిలో పనిగా బిల్డింగ్ మొత్తం ఒకసారి చెక్ చేయడానికి ఈ ఫైర్ సేఫ్టీ సర్వీసు వాళ్లని పిలిచాం. మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్, బీచ్ రోడ్డుకి దగ్గరే. నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఐదోది ఎందుకు ఆపానో కింద చెప్తాను.

ముందు ఒక మాట. ఇవన్నీ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లే చూసుకుంటారులే అని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రంలో 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ఉంది. దాని ప్రకారం ఫైర్ ఎన్‌ఓసీ, అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్, తప్పనిసరి అయ్యేది, ఇళ్లున్న బిల్డింగులైతే 18 మీటర్ల ఎత్తు నుంచి, కమర్షియల్ అయితే 15 మీటర్ల నుంచి. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం చేరే చోట్లకైతే 6 మీటర్ల ఎత్తున్నా, 500 చదరపు మీటర్ల స్థలం ఉన్నా కావాల్సిందే. వైజాగ్‌లో మనం ఉండే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ 18 మీటర్లకి కాస్త కిందే ఆగిపోతాయి. అంటే ఎన్‌ఓసీ లేదు, రెన్యువల్ లేదు, దానికోసం ఎవరూ వచ్చి చూడరు. ఇక మిగిలింది అసోసియేషన్ డబ్బులిచ్చి పిలుచుకునే ఈ సర్వీసు ఒక్కటే. మనకి ఇన్‌స్పెక్షన్ అన్నా ఇదే, ఆడిట్ అన్నా ఇదే. అది చేసేవాళ్లు సరిగ్గా చేస్తున్నారా లేదా అన్నది నాకు ఇంత పట్టింపు అందుకే.

ఇంతకుముందు మాకు చేసినవాళ్ల పేరు ఇక్కడ రాయను. ఏడాదికోసారి వచ్చి, సిలిండర్ని గోడ మీద ఉన్నది ఉన్నట్టే గుడ్డతో తుడిచి, కొత్త తేదీ స్టిక్కర్ అంటించి, బిల్లు చేతిలో పెట్టి వెళ్లేవాళ్లు. మొత్తం బిల్డింగ్ అరగంటలో అయిపోయేది.

ఈసారి పిలిచిన సర్వీసు వాళ్ల టెక్నీషియన్ వచ్చి మొదట చేసిన పని ప్రతి సిలిండర్నీ కిందకి దించడం. రెండో ఫ్లోర్‌లో ఒకటి దించాడు, ప్రెషర్ చూపించే గేజ్ ముల్లు చక్కగా ఆకుపచ్చలోనే ఉంది. దాన్ని తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత నన్ను పట్టుకోమన్నాడు. లోపల పౌడర్ కదలడమే లేదు, గడ్డకట్టి అడుగున ఒకే ముద్దయిపోయింది. ప్రెషర్ ఉన్నా పౌడర్ బయటికి రాదని, ఆ సమయానికి పిన్ను లాగి నొక్కితే బుస్సుమని గాలి మాత్రమే వస్తుందని చెప్పాడు. ఇంకో సిలిండర్ అడుగు భాగం చూపించాడు, తుప్పు పట్టి పెచ్చులు ఊడుతోంది, వేలితో గీస్తే రాలింది. మన ఊళ్లో సముద్రం ఉప్పుగాలికి గేట్లే నిలవవు, పదేళ్లుగా అదే గోడకి వేలాడే ఇనప సిలిండర్ సంగతి చెప్పక్కర్లేదు. ఐఎస్ 2190 అని ఒక ప్రమాణం ఉందట, దాని ప్రకారం పౌడర్ సిలిండర్లకి మూడేళ్లకోసారి నీటి ప్రెషర్‌తో గట్టితనం పరీక్ష చేయించాలి. మాకున్న పన్నెండింటిలో ఒక్కదాని మీద కూడా ఆ పరీక్ష చేసిన తేదీ లేదు. లిఫ్ట్ ప్యానెల్ దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి అసలు గేజే ఉండదు, బరువు తూచి చూడటమే దారి. తూకం మిషన్ వెంట తెచ్చుకున్నాడు, తూస్తే సగానికి సగం లేదు.

మంటలార్పడానికి ప్రతి ఫ్లోర్‌లో చుట్టి ఉంచే నీళ్ల పైపు, హోస్ రీల్, అది కూడా అంతే. నాలుగో ఫ్లోర్‌లో పైపు మొత్తం బయటికి లాగించాడు. మడతల దగ్గర రబ్బరు పగిలిపోయింది, నాజిల్ బిగుసుకుపోయి తిరగలేదు. పైకెళ్లి టెర్రస్ మీద పంపు స్విచ్ వేయిస్తే మోటార్ మూలిగింది కానీ తిరగలేదు. ఫైర్ కోసమని వేరుగా ఉంచిన ట్యాంకు నీళ్లని ఎప్పుడో ఎవరో మొక్కల లైనుకి కలిపేశారు, ఎండాకాలంలో ఆ ట్యాంకు ఖాళీగానే ఉంటుంది. ఇవేవీ పాత రిపోర్టుల్లో ఒక్క ముక్క లేదు, అన్నిటికీ వరసగా టిక్కులే.

నాకు బాగా నచ్చింది స్టిల్ట్‌లో అతను పెట్టిన పేచీ. మెట్ల మొదట్లోనే, మీటర్ బోర్డుల పక్కన, మూడు ఎలక్ట్రిక్ స్కూటర్లకి ఛార్జింగ్ పాయింట్లు పెట్టుకున్నాం. అవి అక్కడి నుంచి తీస్తే తప్ప రిపోర్టులో సరే అని రాయనన్నాడు. మావాళ్లలో ఒకరిద్దరు కోప్పడ్డారు కూడా. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ హోటల్ సంగతి గుర్తుచేశాడు. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంట, పైన లాడ్జిలో మనుషులు, ఎనిమిది మంది పోయారు. పొగ మెట్ల దారినే పైకి లేస్తుంది, మనం దిగాల్సిందీ ఆ మెట్లలోంచే. ఇది విన్నాక ఎవరూ మాట్లాడలేదు. పాయింట్లు కాంపౌండ్ గోడ వైపు మార్చాం, మెట్ల మలుపుల్లో చెప్పుల స్టాండ్లు తీయించాం, టెర్రస్ తాళం ఒకటి వాచ్‌మన్ గదిలో కూడా ఉంచాం. 2023లో నవంబర్‌లో మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడటం, డిసెంబర్‌లో జగదాంబ దగ్గర ఆసుపత్రిలో మంటలు వచ్చి పేషెంట్లని బయటికి తరలించడం ఈ ఊరివాళ్లం అందరం చూసినవే. అయినా మన మెట్ల దగ్గరికి వచ్చేసరికి మనకి ఏం కాదులే అనుకుంటాం.

చివర్లో డెమో ఇచ్చాడు. పాత రేకు పళ్లెంలో మంట పెట్టి ముందు మా వాచ్‌మన్ చేతికి సిలిండర్ ఇచ్చాడు. "ఇన్నేళ్లనుంచి ఉన్నాను సారూ, దీన్నెలా పట్టుకోవాలో ఎవులూ సెప్పనేదు" అన్నాడాయన. నాకు మనసు చివుక్కుమంది, రాత్రి పన్నెండింటికి మంట లేస్తే మొదట పరిగెత్తేది ఆయనే కదా. మూడో ఫ్లోర్ మామ్మగారు కూడా ముందుకొచ్చారు. "మామ్మా, పిన్ను లాగండి, మంట పైన కాదు, అడుగున కొట్టండి, అటూ ఇటూ ఊపండి" అంటూ పక్కనే నిలబడి చేయించాడు. ఆరు కేజీల సిలిండర్లో పౌడర్ పదిహేను ఇరవై సెకన్లలో అయిపోతుంది, అందుకే తలుపు మన వీపు వైపు ఉండేలా నిలబడాలని, మొదటి సిలిండర్‌తో ఆగకపోతే ఇంక పోట్లాడకుండా బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలని గట్టిగా చెప్పాడు. లిఫ్ట్ ఎక్కొద్దన్నది పిల్లలతో కూడా చెప్పించాడు.

ఇక ఐదో స్టార్ సంగతి. రీఫిల్లింగ్‌కని పాడైన సిలిండర్లు తీసుకెళ్లినప్పుడు బదులుగా ఒక్కటీ పెట్టలేదు. అవి తిరిగి వచ్చేదాకా మూడు ఫ్లోర్లు ఖాళీ. అడిగితే స్పేర్లు వేరే సైట్‌లో ఉన్నాయన్నారు. ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్లు ఈ ఒక్కటీ వదిలేయడం నాకు అసలు నచ్చలేదు, మీరు పిలిచేటప్పుడు స్పేర్ల మాట ముందే రాయించుకోండి. రెండోది రిపోర్టు. పేజీల కొద్దీ ఇంగ్లీషులో ఉంది. వాచ్‌మన్‌కి, ఇంట్లో పెద్దవాళ్లకి అర్థం కాకపోతే ఎలా? ఒక్క పేజీ తెలుగులో ఇచ్చినా గేటు దగ్గర అంటించుకునేవాళ్లం. రేటు పాతవాళ్లకంటే ఎక్కువే, కానీ రీఫిల్, పరీక్ష, కొత్త నాజిల్ దేనికది విడిగా రాసి బిల్లు ఇచ్చారు, తీసేసిన పాత వాల్వులు కూడా చూపించారు, దానిమీద నాకు కంప్లైంట్ లేదు.

ఇంకో సంగతి, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, 1944లో బొంబాయి రేవు పేలుడులో చనిపోయిన ఫైర్‌మెన్ జ్ఞాపకంగా. ఆ వారంలో ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కాలనీల్లో, స్కూళ్లలో డెమోలు ఇస్తుంటారు. మీ దగ్గరి ఫైర్ స్టేషన్‌కి ముందుగానే వెళ్లి అడిగి చూడండి. కానీ సిలిండర్ లోపల పౌడర్ గడ్డకట్టిందో లేదో చూసుకోవాల్సింది మాత్రం మనమే. ఇది చదివాక మీ ఫ్లోర్‌లో ఉన్నదాన్ని ఒకసారి దించి, తలకిందులు చేసి వినండి. కదలకపోతే మీ అసోసియేషన్ వాళ్లకి ఈరోజే చెప్పండి.