ఎఫ్‌పీఎల్: ఆటకు నాలుగు స్టార్లు, మా ఆఫీసు లీగ్‌కు రెండే

డబ్బు కట్టి ఆడే ఫాంటసీ పోటీలు మన రెండు రాష్ట్రాల్లో ముందునుంచే లేవు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చాక దేశం మొత్తం మీదే పోయాయి. హైదరాబాద్‌లో మా ఆఫీసు గ్యాంగ్ ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌ను (ఎఫ్‌పీఎల్) పట్టుకోవడానికి అదో కారణం. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో మనం ఊహా టీమ్ కట్టుకుంటాం, వాళ్లు నిజం మ్యాచ్‌ల్లో ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు. పైసా ఖర్చు లేదు. కొన్ని సీజన్లుగా వదలకుండా ఆడుతున్నాను కాబట్టి రాస్తున్నా.

ఆట గట్టిది. 10 కోట్ల పౌండ్ల బడ్జెట్, 15 మంది ఆటగాళ్లు, ఒక క్లబ్ నుంచి ముగ్గురికి మించకూడదు, కెప్టెన్‌కు డబుల్ పాయింట్లు. చిరాకల్లా ఆ వారం టీమ్ ఖరారు చేసే డెడ్‌లైన్. శనివారం తొలి మ్యాచ్ ఉంటే మనకు మధ్యాహ్నం మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. మగవాళ్లు అప్పటికి భోజనం చేసి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. నేను గిన్నెలు తోమి చేతులు తుడుచుకునే వేళ అది.

యాప్‌కు ఆడా మగా తేడా లేదు. తేడా అంతా వాట్సాప్ గ్రూపులో. నేను నెల టేబుల్‌లో పైకొచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: 'మేడమ్, టీమ్ సార్ పెడుతున్నారా?' మా ఆయనకు ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఇప్పటికీ తెలీదు. డెడ్‌లైన్ దాటాక ఎవరి టీమైనా, ఎవరి ట్రాన్స్‌ఫర్లైనా తెరిచి చూసుకోవచ్చు. ఒక్కడూ చూడడు, అడగడమే తేలిక.

2024-25లో స్ట్రైకర్ హాలండ్‌ను తీసేసి, ఆ డబ్బుతో మిడ్‌ఫీల్డ్ బలపరిచి, ఎఫ్‌పీఎల్‌లో మిడ్‌ఫీల్డర్‌గా ఉన్న సలాను కెప్టెన్‌గా ఉంచాను. వెంటనే పాఠం మొదలైంది: 'స్ట్రైకర్ అంటే గోల్స్ కొట్టేవాడు మేడమ్, తీయకూడదు.' ఫార్వర్డ్ (అంటే స్ట్రైకర్) గోల్‌కు నాలుగు పాయింట్లు, మిడ్‌ఫీల్డర్ గోల్‌కు ఐదు అన్న సంగతి ఆ పాఠంలో లేదు. సలా ఆ సీజన్‌లో 344 పాయింట్లతో ఎఫ్‌పీఎల్ రికార్డు కొట్టాడు. గ్రూపులో వచ్చిన మాట: 'లక్ మేడమ్!' మా టీమ్ లీడ్ కూడా సలానే పెట్టాడు. అతనిది మాత్రం 'ప్లానింగ్ మామా'.

ఇవన్నీ భరించొచ్చు. నాకు అసలు గుచ్చుకునేది వేరు: నన్నెవరూ ఆటపట్టించరు. ఆడే పదకొండు మందిలో పెట్టకుండా బెంచ్ మీద 14 పాయింట్లు వదిలేసినవాణ్ణి 'ఏరా, కళ్లు దొబ్బాయా?' అని రోజంతా తింటారు. అదే పని నేను చేస్తే 'పర్లేదు మేడమ్, నెక్స్ట్ వీక్ చూద్దాం.' ఫాంటసీ లీగ్‌లో తిట్లు పడేవాడే లోపలివాడు. మర్యాద చేశారంటే మనం చుట్టపుచూపుగా వచ్చినట్టే.

మా పెద్దమ్మ కూతురు డల్లాస్ నుంచి నడిపే కజిన్స్ లీగ్‌లో ఆ బాధ లేదు. ఆడవాళ్లమే ఎక్కువ. గాయపడ్డవాణ్ణి కెప్టెన్‌గా వదిలేస్తే 'నీ మొహానికి ఫుట్‌బాల్ ఎందుకే, వెళ్లి సీరియల్ చూసుకో' అంటుంది అక్క. అదే మాట ఆఫీసులో ఎవడన్నా అంటే హెచ్‌ఆర్‌కు పోతానేమో! ఇక్కడ మాత్రం నవ్వొచ్చి, వారం తిరిగేలోపు వైల్డ్‌కార్డ్ (టీమ్ మొత్తం పాయింట్లు పోకుండా మార్చుకునే అవకాశం) వాడి కక్ష తీర్చుకున్నాను.

కొత్తగా చేరేవాళ్లకు: ఆటగాళ్ల ధరలు మనకు పొద్దున్నే మారతాయి, కొనాలనుకుంటే రాత్రే కొనండి. ఆఫీసు లీగ్‌లో ఒంటరిగా దూరకండి, ఇంకో అమ్మాయిని లాక్కెళ్లండి. ఈ సీజన్ మా టెస్టింగ్ టీమ్ నుంచి ఒకమ్మాయి చేరింది. మొదటి వారమే మా టీమ్ లీడ్ బెంచ్‌ను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టింది.