సవర పిల్లడికి ఏ బడి మేలు: గూడలోదా, ఆశ్రమమా, కింద కాన్వెంటా?

"మేస్టారూ, గుంటణ్ని ఎక్కడెయ్యమంతారు?"

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టిలో బస్సు కోసం నిలబడి ఉంటే వెనక నుంచి వినబడింది. అడిగినవాడు పైన కొండ మీద సవర గిరిజనుల గూడలో, అంటే వాళ్ల చిన్న పల్లెలో, ఉంటాడు. నేను కొండ మీద బడిలో పనిచేసిన రోజుల్లో నా దగ్గరే ఐదు దాకా చదివాడు. ఇప్పుడు వాడి కొడుక్కి ఆరేళ్లు. వాడి ముందు మూడు దారులున్నాయి. గూడలో ఒకే మాస్టారుండే ప్రాథమిక పాఠశాల, గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాల, కింద టౌన్లో ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు స్కూల్లో విద్యాహక్కు చట్టం కింద వచ్చే ఉచిత సీటు. ఇంతలో బస్సొచ్చింది. "మళ్లీ మాట్లాడుకుందాంరా" అని ఎక్కేశాను. నిజానికి చెప్పడానికి ఏమీ తోచక ఎక్కేశాను.

ఈమధ్య టీచర్ల ట్రైనింగుల్లో, కంపెనీల్లో కూడా, డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్ అని మూడు మాటలు తెర మీద వేసి చూపిస్తున్నారు. నాకు అర్థమైనంతలో మొదటిదానికి గదిలో ఎవరెవరున్నారో చూడాలి. రెండోదానికి, ఎవరికి ఏది తక్కువైందో చూసి అది ఇచ్చారా, లేక అందరికీ ఒకటే పంచి సమానం అనిపించుకున్నారా అని అడగాలి. మూడోది, అక్కడ కూర్చున్నవాడి మాట చెల్లుతోందా అన్నది. పాస్ శాతంతో బళ్లను తూచేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఈ మూడింటితో తూచి చూశాను.

ముందు గూడ బడి. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను తప్పులు చేసింది ఇక్కడే.

తెలుగుకీ సవరకీ చుట్టరికం లేదు. మనది ద్రావిడ భాష. సవర ముండా కుటుంబానిది, సంతాలీ, ముండారీ దానికి దాయాదులు. కాబట్టి మన శ్రీకాకుళం పిల్లడు పుస్తకాల తెలుగు చూసి తడబడడం వేరు, ఒకటో తరగతి సవర పిల్లడి అవస్థ వేరు. మొదటి నెలలో ఒక పిల్లడు బెంచీ మీదే లాగు తడుపుకున్నాడు. బయటికి వెళ్లాలని నన్ను ఏ మాటల్లో అడగాలో వాడికి తెలీదు. ఏ మాట వినాలో నాకూ తెలీదు.

ఇంకోటి చెబుతాను. లెక్క నేర్పుదామని ఒకణ్ని పిలిచి జీడిపిక్కలు లెక్కపెట్టమన్నాను. పన్నెండు దాకా తెలుగులో గబగబా వచ్చాడు. తర్వాత సవరలోకి దిగిపోయి మళ్లీ ఒకటి, రెండు అంటున్నట్టు వినిపించింది. "పన్నెండు తరవాత ఏటిరా?" అని కసిరాను. మూడుసార్లు అడిగినా అదే వరస. లెక్కల్లో వెనకబడ్డాడని రిజిస్టర్లో రాసేశాను. కొన్నాళ్లకు వాళ్ల అవ్వ గుమ్మంలో కూచుని పిక్కలు ఎంచుతుంటే పక్కన ఇంకో ఆయన నాకు విడమర్చి చెప్పాడు. వాళ్ల లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుతుంది. పదమూడంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఆ పైన ఇరవై ఒక కట్ట. 33 కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 93 అయితే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. పిల్లడు సరిగ్గానే ఎంచాడు. వాడు పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అంటుంటే నా చెవికి ఒకటీ రెండే పడ్డాయి. మనం అరటిపళ్లు డజన్లలో కొంటాం, అంతమాత్రాన మనకి లెక్కలు రావని ఎవరూ అనరు కదా.

మొన్న బస్టాపులో అడిగింది ఆ పిల్లడే.

ఈ సంగతి మన జిల్లాకి కొత్త కూడా కాదు. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు, సవర పిల్లలకు బళ్లు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ ఉపన్యాసాల్లో సవర సంగతి ఒక వాక్యంలో తేలిపోతుంది. నాకది ఎప్పుడూ మింగుడుపడదు.

అన్నట్టు, చట్టంలో లోటు లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు, అందులో సవర ఒకటి. తెలుగు లిపిలోనే సవర వాచకాలు వేశారు. పిల్లలకు వాళ్ల మాట తెలిసిన భాషా వలంటీర్లనీ పెట్టారు. వలంటీరు ఉన్న బడికీ లేని బడికీ తేడా గుమ్మంలోనే తెలుస్తుంది. ఉన్నచోట పిల్లలు గోల చేస్తుంటారు. లేనిచోట బుద్ధిగా, నిశ్శబ్దంగా ఉంటారు. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ నిశ్శబ్దం చూసి మెచ్చుకుని వెళ్తారు.

గూడ బడి లోటు మరోచోట ఉంది. మాస్టారు ఒక్కడే. ఆయనకి మండలంలో మీటింగుంటే ఆ రోజు బడి లేనట్టే. వలంటీరుది పర్మినెంటు కొలువు కాదు, వచ్చే ఏడు ఉంటుందో లేదో ఆమెకే టెన్షన్. ఏజెన్సీ, అంటే షెడ్యూల్డ్ ప్రాంతం, బళ్లలో స్థానిక గిరిజనులనే టీచర్లుగా వెయ్యాలని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మెళియాపుట్టి, మందస సవర గూడలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు కాబట్టి ఆ జీవో ఉన్న రోజుల్లోనూ ఇక్కడికి దాని నీడ పడలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సీతంపేటలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కూడా పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది.

ఇక ఆశ్రమ పాఠశాల. చాలావాటిలో మూడో తరగతి నుంచి ఉంటుంది. తిండి, బట్ట, పుస్తకం, పడక అన్నీ అక్కడే. కొండ మీద పోడు సాగుతో బతికే ఇంటికి ఇది చిన్న సాయం కాదు. పక్కన పడుకునేవాడూ సవర పిల్లడో, ఇంకో గిరిజన తెగ జాతాపుల పిల్లడో అయి ఉంటాడు. నీ ఇంటిపేరేంటని అడిగి నవ్వేవాడుండడు. మా గూడ నుంచి పదో తరగతి దాటిన ఆడపిల్లల్లో ఎక్కువమంది ఆశ్రమం వల్లే దాటారు. ఈ ఒక్క ముక్క చాలు, దాన్ని తీసిపారేసేవాళ్లతో నేను వాదించడానికి. ఆ పైన ఏకలవ్య గురుకులాలున్నాయి. ఆరు నుంచి ఇంటర్ దాకా, ఒక్కో బడిలో 480 మంది. ప్రవేశ పరీక్ష రాయాలి.

కానీ ఆరేళ్లవాడిని, ఎనిమిదేళ్లవాడిని ఇల్లు విడిచి ఉంచడం ఉంది చూశారూ, దానికి తూకం రాళ్లు లేవు. జ్వరమొస్తే రాత్రిపూట చూసే నర్సు ఉందా అన్నది అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. కొత్త కందులు వచ్చినప్పుడు చేసే కందికొత్తల పండగకి ఇంటికొచ్చిన పిల్లలు తిరిగి వెళ్లడానికి మారాం చేస్తారు. కొందరు వెళ్లనే వెళ్లరు. అదీకాక, ఆశ్రమంలో అంతా గిరిజన పిల్లలే. నా దగ్గర చదివిన ఇంకొకడు పది ఆశ్రమంలో, ఆపైన ఐటీఐ చదివి పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేరాడు. పని వచ్చు. క్యాంటీన్లో మాత్రం మూడు నెలలు ఒక్కడే మూల బల్ల దగ్గర తిన్నాడట. "ఆల్లతోటి ఏటి మాటాడాలో తెలీదు మేస్టారూ" అన్నాడు. పదిహేడేళ్లు వచ్చేదాకా కింద ఊళ్ల పిల్లడి పక్కన వాడు కూర్చోలేదు. ఆ మాటకొస్తే కింద ఊళ్లవాళ్లూ వాడి పక్కన కూర్చోలేదు. ఆ రెండో లోటును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మూడోది ప్రైవేటు స్కూలు. దీని మీదే తండ్రికి మోజు ఎక్కువ, అందుకే కాగితం మీద లెక్క వేసి చూపించాలి. ప్రైవేటు బళ్లు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఆ 25 శాతంలో అనాథలు, దివ్యాంగులు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా పేదలకు 6. యాభై సీట్ల తరగతిలో నాలుగు శాతం అంటే ఇద్దరు. పాతిక సీట్లయితే ఒక్కడు. మొత్తం తరగతిలో సవర మాట తెలిసినవాడు ఒకే ఒక్కడు. పైగా దగ్గర్లో ఉన్నవాళ్లకే ముందు సీటిస్తారు. కొండ మీది పిల్లడికి సీటు రావాలంటే కింద బంధువుల ఇంట్లో పెట్టాలి. ఈ ఉచితం కూడా ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో ఫీజు ఎవరు కడతారని సీటు ఇచ్చే రోజున ఎవరూ చెప్పరు.

ఒకమ్మాయి అలాగే చేరింది. గూడవాళ్ల ఇంటిపేరు సవర. హాజరు పిలిచేటప్పుడు టీచరు ఇంటిపేరుతో కలిపి పిలిచేది, తరగతి నవ్వేది. టీచరుకు దురుద్దేశం లేదు, అందరినీ అలాగే పిలిచేది. అందరికీ ఒకటే పద్ధతి అంటే ఇదిగో, ఇలా ఉంటుంది. దసరా సెలవులకి వచ్చిన పిల్ల మళ్లీ దిగలేదు. ఆ స్కూలు రికార్డులో వచ్చినవాళ్ల లెక్క ఉంటుంది, నిలిచినవాళ్ల లెక్క మాత్రం ఉండదు.

అయినా కలిసి చదవడాన్ని నేను కాదనను. ఆ స్కూల్లోనే ఇంకో అన్నదమ్ములిద్దరు చేరి నిలిచారు. సాయంత్రం ఇద్దరూ సవరలో తిట్టుకుంటూ ఇంటికొచ్చేవారు. నాకు తెలిసిన తేడా అంతే, ఇద్దరుండడం.

కాబట్టి నా తీర్పు, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, ఇలా ఉంది. సవర తెలిసిన మనిషి ఉంటే ఐదు దాకా గూడ బడే మేలు. ఆరులో కింద జిల్లా పరిషత్ హైస్కూల్లో, హాస్టల్ సీటు చూసుకుని, గూడ పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒకేసారి చేరాలి. అక్కడ ఫీజు గొడవ లేదు, అన్ని కులాలవాళ్లూ ఉంటారు. గూడ బడిలో ఆ మనిషి లేకపోతే మూడో తరగతి నుంచి ఆశ్రమం, నర్సు సంగతి కనుక్కుని. ప్రైవేటు సీటు తోడు దొరికితేనే. ఒంటరిగా మాత్రం వద్దు.

నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు.

"వలంటీరమ్మ సంక్రాంతి నుంచి రాటం లేదు మేస్టారూ. డబ్బులు పడలేదంట."

నాకు ఏమనాలో తోచలేదు.

"పోనీ పొద్దుట ఒక గంట నేనే కూకుంతాను. కొత్త మేస్టారు ఒప్పుకుంతారేటి? మా లెక్కా వచ్చు నాకు, మీ లెక్కా వచ్చు."

కొత్త మాస్టారి నంబరు వెతికి పంపాను.